వీపు అని అరవాల్సిన మనిషి

పదమూడేళ్ళు మా ఊరు కోస్కిలహ్తి జట్టుకి ఐస్ హాకీ ఆడాను. ఒక్కనాడైనా బంగారు హెల్మెట్ నా నెత్తిన పడలేదు. పడనందుకు నాకు బాధ కూడా లేదు. జట్టులో ఎవడికి పాయింట్లు ఎక్కువుంటే వాడు మ్యాచ్‌లో ఆ రంగుది పెట్టుకుంటాడు. గోల్ కొడితే ఒక పాయింటు, కొట్టినవాడికి పక్, అంటే మేం ఆడే రబ్బరు బిళ్ళ, అందిస్తే ఒకటి. అవన్నీ ముందు ఆడేవాళ్ళ సొత్తు. నాలాంటి డిఫెన్స్‌వాడి పని వెనకుండి గోల్ కాయడం, మీదికొచ్చేవాణ్ణి ఐస్ చుట్టూ ఉండే చెక్కగోడకి నొక్కడం, దూసుకొచ్చే పక్‌కి కాలడ్డం పెట్టడం. "డిఫెన్స్‌వాడికి అది రాదు" అని అడిగినవాళ్ళకల్లా చెప్పేవాణ్ణి. అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి.

ఆ ఏడు నవంబరులో దాన్ని ఒక డిఫెన్స్‌వాడు పెట్టుకున్నాడు. వాడు నా బావమరిది.

ఇల్కా మా ఆవిడ మెర్యాకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై రెండేళ్ళవాడు. ఆగస్టులో మా జట్టు వాణ్ణి తీసుకున్నప్పుడు, "వేరే అద్దె గది దేనికి, మా మేడ మీద ఉంటాడు" అన్నది నేనే. "నా పక్కన వెయ్యండి, పని నేర్పుతాను" అని కోచ్ హియెతనెన్‌కి చెప్పింది కూడా నేనే. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే కాబోలు.

హెల్మెట్ ఇచ్చిన రోజు బట్టలు మార్చుకునే గదిలో అందరూ స్టిక్కులతో నేలమీద దబదబా కొట్టారు. ఇల్కా దాన్ని పెట్టుకుని, చెవులదాకా ఎర్రబడి, నా దగ్గరికొచ్చాడు.

"ఎలా ఉంది బావా?"

"మంచు దున్నే బండి మీద దీపంలా ఉంది."

గదంతా ఘొల్లుమంది. వాడూ నవ్వాడు. "నువ్వు నేర్పిందే కదా బావా ఇదంతా" అన్నాడు. ఆ మాట వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే నాకు ఒళ్ళు మండింది. పదమూడేళ్ళుగా నాకున్న ఓదార్పు ఒక్కటే, డిఫెన్స్‌వాడికి అది రాదని. ఇప్పుడు అది నాకు రాలేదు, అంతే.

ఇంటికి వెళ్తే మెర్యా యాలకుల రొట్టె చేసి పెట్టింది. నా పెళ్ళయ్యాక మామూలు రోజున ఆ ఇంట్లో యాలకుల వాసన రావడం అదే మొదలు. ఏడేళ్ళ మా సన్ని తన స్కేటింగ్ హెల్మెట్‌కి పసుపు రంగు వేస్తూ వంటగది నేల పాడుచేస్తోంది. ఇంకో రోజైతే మెర్యా ఇంటి కప్పు లేపేది.

"నాన్నా, నీకు ఎన్ని పాయింట్లున్నాయి?" అంది సన్ని, బ్రష్షు ఎత్తకుండా.

"నాలుగు."

"ఇల్కా మామకి?"

"ఇరవై మూడు."

అది కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకుంది. "పర్లేదు నాన్నా. ఇంకో పంతొమ్మిది కొడితే మామ, నువ్వు సమానం."

"దానిమాటకేం బావా," అన్నాడు ఇల్కా రొట్టె నములుతూ, "నువ్వు ఆపిన గోల్స్‌కి పాయింట్లిస్తే ఈ దేశంలో నీ తలకి సరిపడా హెల్మెట్టే ఉండదు."

"తిను, తిను. మాట్లాడితే గొంతుకి అడ్డం పడుతుంది" అన్నాను.

అసూయ నీళ్ళలో చేపల్ని కూడా ఎత్తుకుపోతుందని మా వైపు సామెత. మా ఇంట్లో అది ముందు భోజనాల బల్ల మీద పడింది. మెర్యా వాడి పళ్ళెంలో ఎన్ని రక్తపు సాసేజీలు వేసిందో, నా పళ్ళెంలో ఎన్ని వేసిందో చూసుకునే స్థితికి వచ్చాను. గురువారం బఠాణీ సూపులో మాంసం ముక్కలు వాడికి అడుగునుంచి తోడిందనీ, నాకు పైనుంచి తోడిందనీ నాకు అనుమానం. ముప్పై నాలుగేళ్ళవాణ్ణి, రెండు పళ్ళు ఊడినవాణ్ణి, సూపులో ముక్కల కోసం కుళ్ళుకుంటున్నాను. ఊళ్ళో కాగితం మిల్లు గేటు ముందు వెళ్తుంటే పనివాళ్ళు "ఏం రైమో, మీవాడు ఎలా ఉన్నాడు?" అనేవారు. పదమూడేళ్ళుగా "ఏం రైమో, ఎలా ఉన్నావు?" అన్నవాళ్ళే.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. ఎదుటి జట్టువాళ్ళు పక్‌ని మా మూలకి విసురుతారు. మా ఇద్దరిలో ఒకడు దాన్ని తేవడానికి పరిగెత్తాలి. గోడ వైపు మొహం, ఆట వైపు వీపు. వాడి వెనక ఎవడొస్తున్నాడో వాడికి కనబడదు. రెండోవాడు చూసి అరవాలి. ఎవడూ రాకపోతే "టైముంది!" అని. ఎవడైనా దూసుకొస్తుంటే ఒకటే మాట, "వీపు!" అని. ఆ కేక వినబడితే పక్ దగ్గరున్నవాడు భుజం తిప్పి గోడకి అతుక్కుంటాడు. దెబ్బ జారిపోతుంది. వినబడకపోతే దెబ్బ తిన్నగా తగులుతుంది.

నాకు వేగం లేదు, షాటు లేదు, గొంతు ఉంది. చివరి వరసలో ముసలమ్మలకి కూడా నా "వీపు!" వినబడేది. ఆగస్టులో ఇల్కాకి నేను నేర్పిన మొదటి పాఠం అదే.

"మూలకి వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తున్నావు. చూడకు."

"చూడకపోతే ఎలా బావా? పీక విరుగుతుంది."

"చూస్తే అరక్షణం పోతుంది. నువ్వు పక్‌ని చూడు. నీ వెనక నేను చూస్తాను."

వాడు రెండు వారాల్లో చూడటం మానేశాడు. ఆ అరక్షణం మిగలడం వల్లే వాడు మూలనుంచి తల ఎత్తి, ముందున్నవాళ్ళకి పక్‌ని సూదిలో దారం ఎక్కించినట్టు అందించేవాడు. పాయింట్లన్నీ అక్కణ్ణుంచే. అంటే నా గొంతే వాడి నెత్తిన బంగారమైంది. ఈ సంగతి ఏ పేపరువాడూ రాయలేదు.

ఏడ్చేవాడి ఎడమ పక్క కూర్చోకూడదంటారు. ఇల్కా ఆడేది నా ఎడమ పక్కనే.

జనవరిలో కోచ్ హియెతనెన్ నన్ను తన గదికి పిలిచాడు. ఆయన పొగ మానేసి అగ్గిపుల్లలు నములుతుండేవాడు. బల్ల మీద నలిగిన పుల్లల కుప్ప. మమ్మల్ని ఇంటిపేర్లతోనే పిలిచేవాడు.

"ముస్తోనెన్, వసంతంతో నీ కాంట్రాక్ట్ అయిపోతుంది."

"తెలుసు."

"నీ కాళ్ళు అయిపోయాయి. అది కూడా తెలుసా?"

"కాళ్ళు నావే కదా, ముందు నాకే తెలుస్తుంది."

ఆయన నవ్వలేదు. "కమిటీవాళ్ళు వద్దంటున్నారు. నేను ఇంకా వద్దనలేదు. ఎందుకో చెప్పనా? ఆ కుర్రాడు వెనక్కి చూడకుండా మూలకి వెళ్తున్నాడు. దేశం మొత్తంలో అంత ధీమాగా వెళ్ళేవాడు లేడు. అది నీ గొంతు మీద ధీమా. ఆ గొంతున్నంతకాలం నీకు ఇక్కడ చోటుంది."

నాకు ఆట తప్ప ఇంకో పని రాదు. పదహారో ఏట బడి మానేసి ఐస్ మీదికెక్కినవాణ్ణి. ఇంకో రెండేళ్ళు సంతకం పడితే ఇల్లు గడుస్తుంది, నా పేరు నిలుస్తుంది. లేకపోతే మిల్లులో గేటు కాపలా. ఆ సంగతి ఇంటికెళ్ళి మెర్యాకి చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఇంకేం, మంచి మాటే కదా చెప్పాడు" అంది.

మంచి మాటే. కానీ నాకు వినబడింది వేరు. వాడున్నాడు కాబట్టి నేనున్నాను అని.

పుండు మీద కారం చల్లినట్టు, ఆ వారమే స్వీడన్ నుంచి ఒక క్లబ్బు మనిషి ఇల్కా ఆట చూడటానికి వచ్చాడు. స్వీడన్‌వాడు మన ఊరికొచ్చి మన కాఫీ బాగుందన్నాడంటే వాడికి ఏదో కావాలని అర్థం. వసంతంలో వాణ్ణి తీసుకెళ్ళడానికి చూస్తున్నారని మర్నాటికి ఊరంతా పాకింది. నాకు ఇక్కడ చోటు దక్కుతుందో లేదో తెలియదు. వాడికి సముద్రం అవతల కుర్చీ వేసి పెట్టారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, మధ్యాహ్నం మ్యాచ్. ఆ పొద్దున సన్ని నా గది తలుపు దగ్గర నిలబడి, తలుపు పిడి తిప్పుతూ ఉంది.

"ఏంటమ్మా?"

"నాన్నా, నువ్వు కోప్పడవు కదా?"

"చెప్పు."

"బుధవారం బడికి ఇంట్లోవాళ్ళలో ఒకర్ని తీసుకురమ్మన్నారు. వాళ్ళ పని గురించి చెప్పడానికి. ఇల్కా మామని తీసుకెళ్ళనా? హెల్మెట్ కూడా తెస్తానన్నాడు."

"తీసుకెళ్ళు" అన్నాను.

"కోపం లేదుగా?"

"ఎందుకుంటుందే పిచ్చీ."

అది గెంతుకుంటూ వెళ్ళిపోయింది. కోపం లేదు. మ్యాచ్ జరిగే రింకుకి వెళ్ళేదాకా కారులో ఇల్కా ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. నేను వైపర్లు ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

రెండో పీరియడ్‌లో, ఎనిమిది నిమిషాలుండగా, పక్ మా ఎడమ మూలకి వచ్చింది. ఇల్కా వెళ్ళాడు. వాళ్ళ పంతొమ్మిదో నంబరువాడు వెనక బయల్దేరాడు. పెద్ద మనిషి, మంచి వేగం మీదున్నాడు. నేను చూశాను. నాకు బాగా కనబడింది. ఇల్కా వీపు మీద వాడి పేరు, దాని పైన ఆ పసుపు రంగు, వెనక్కి తిరగని ఆ మెడ. ఎంత ధీమా అనుకున్నాను.

తర్వాత అరిచాను.

చెక్కగోడ చప్పుడు, నా కేక ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏది ముందో జనంలో ఎవరూ చెప్పలేరు. ఇల్కా లేవలేదు. భుజం ఎముక విరిగిందని లేపుతుండగానే తెలిసింది. హెల్మెట్ ఊడి గోల్ దాకా జారింది. నేనే వెళ్ళి తీసుకొచ్చాను. పంతొమ్మిదోవాడు మొహం తెల్లబోయి నా పక్కన నిలబడ్డాడు. "తిరుగుతాడనుకున్నా, తిరుగుతాడనుకున్నా" అని రెండుసార్లన్నాడు. తప్పు వాడిది కాదు. తిరిగేవాడే.

ఆస్పత్రిలో మెర్యా మంచం పక్కన కూర్చుని తమ్ముడి జుట్టు దువ్వుతోంది. నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను.

"ఏమైందిరా? నువ్వెప్పుడూ తప్పుకుంటావుగా?"

ఇల్కా నావైపు చూడలేదు. "బావ అరిచాడక్కా. హాల్లో గోలకి నాకే వినబడలేదు."

"అంత గోలేం లేదే" అంది మెర్యా. ఆమె పదకొండేళ్ళుగా ఒకే సీట్లో, ఆ మూల వెనకే కూర్చుంటుంది.

"అక్కడ కూర్చుంటే తెలీదక్కా. ఐస్ మీద వేరు."

మెర్యా నన్ను చూసింది. నేను దుప్పటి మడత సరిచేశాను. ఆ రాత్రి నుంచి వాడి మందులు, వాడి తిండి, వాడి దిండు నేనే చూసుకున్నాను. "ఎంత మంచి బావ" అంది పక్కింటావిడ. స్వీడన్ మనిషి ఫోను చేసి, ఎముక అతికాక మాట్లాడదామన్నాడు. ఆ మాట ఎలాంటిదో మా ఆటలో అందరికీ తెలుసు. బుధవారం సన్ని బడికి నేను వెళ్ళాను. ఒక పిల్లాడు చెయ్యెత్తి, "పసుపు హెల్మెట్ ఆయన ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు.

రెండు వారాలు పోయాక హియెతనెన్ ఒక కాగితం చేతిలో పెట్టాడు. రెండేళ్ళ కాంట్రాక్ట్. డిఫెన్స్‌లో మనుషులు లేరు, ఇల్కా ఎప్పుడొస్తాడో తెలియదు, కమిటీవాళ్ళు ఒప్పుకున్నారు. "సోమవారం సంతకం పెట్టి ఇవ్వు" అన్నాడు. నేను కోరుకున్నది అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంది. దాన్ని వంటగది బల్ల మీద పెట్టాను. మెర్యా దాని మీద ఉప్పు డబ్బా పెట్టింది, ఎగిరిపోకుండా.

శనివారం మధ్యాహ్నం సౌనా, అంటే మా ఆవిరిస్నానం గది, వేడెక్కాక మెర్యా అంది, "వాడికి చెయ్యి లేవదు, నువ్వు వెళ్ళి వీపు రుద్దు."

ఇల్కా కింద బల్ల మీద కూర్చున్నాడు, కట్టు విప్పిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. భుజం మీద పసుపూ ఆకుపచ్చా కలిసిన మచ్చ నడుం దాకా పాకి ఉంది. నేను బ్రష్షుకి సబ్బు రాసి, మచ్చకి దూరంగా రుద్దాను. రాళ్ళ మీద నీళ్ళు పోశాను. ఆవిరి మొహానికి కొట్టింది. ఆ ఆవిరిలో మొహం కనబడదు కదా అని నోరు తెరిచాను.

"ఇల్కా. ఆ రోజు నేను ఆలస్యంగా అరిచాను."

వాడు రుద్దడానికి వీలుగా ఇంకాస్త ముందుకి వంగాడు.

"పంతొమ్మిదోవాడు వస్తుంటే చూశాను. గోల వల్ల కాదు. నేనే..."

"తెలుసు బావా."

"ఏం తెలుసు?"

"ఆ ఆదివారం ఒక్కరోజే కాదు కదా" అన్నాడు వాడు, మామూలుగా, నీళ్ళు చల్లగా ఉన్నాయన్నట్టు. "డిసెంబరు నుంచీ నీ కేక ఆలస్యంగానే వస్తోంది. అంతకుముందు మూడుసార్లు. మూడుసార్లూ ఎలాగో తప్పుకున్నా. ఇదొక్కటి తగిలింది."

నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఆ ఆదివారం సంగతి నాకు తెలుసు. ఆ మూడూ నాకు తెలియవు. దేవుడి మీద ఒట్టు, ఇప్పటికీ తెలియవు.

"ఎప్పుడెప్పుడు?"

వాడు మెడ తిప్పి, మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "నీకు తెలీదా? నీకు తెలిసే అనుకున్నా."

"తెలిసే అనుకున్నావా? మరి వెనక్కి చూసుకోవచ్చు కదరా! చూసుకుంటే ఈ భుజం..."

"నేను చూసుకుంటే హియెతనెన్‌కి తెలిసిపోతుంది బావా. ముస్తోనెన్ గొంతు పోయింది, ఇంకెందుకు అంటాడు. గొంతు కోసమే నిన్ను ఉంచుతున్నాడని అక్క చెప్పింది." వాడు పక్కకి వంగి గిన్నెలో నీళ్ళు ఎడంచేత్తో మొహాన చల్లుకున్నాడు. "ఒకసారి అడిగాడు కూడా. నీ బావ సరిగ్గా అరుస్తున్నాడా అని. బ్రహ్మాండంగా అరుస్తున్నాడు అన్నా."

"ఎందుకు చెప్పావలా?"

"ఏం చెప్పమంటావు మరి?" అన్నాడు. "రుద్దు బావా, సబ్బు ఎండిపోతోంది."

రుద్దాను. వాడి వీపంతా, మచ్చ పక్కనుంచి, జాగ్రత్తగా. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. సిగ్గుతోనో పశ్చాత్తాపంతోనో అని చెబితే బాగుంటుంది. కొంత అది కూడా ఉంది. కానీ ఎక్కువ వేరే ఏడుపు. ఆటలో నన్ను దాటేశాడని చలికాలమంతా ఏడ్చాను, అది ఎవడైనా ఏడుస్తాడు. మంచితనంలో కూడా దాటేశాడే, ఇంక నాకంటూ ఏం మిగిల్చాడు అని, చెమటా కన్నీళ్ళూ కలిసి కారుతుంటే ఏడ్చాను.

మర్నాడు, ఆదివారం, మెర్యాకి అంతా చెప్పాను. ఆమె కాఫీ గిన్నె పొయ్యి మీంచి దించింది.

"వాడికి తెలుసా?"

"నాకంటే ముందే తెలుసు."

"నాకూ తెలుసు" అంది. "నువ్వు చెబుతావో లేదోనని చూస్తున్నా." తర్వాత మూడు వారాలు అవసరమైన మాటలే మాట్లాడింది. నాలుగో వారం ఒక రోజు పొద్దున్నే నా బూట్లు తడిగా ఉన్నాయని పొయ్యి పక్కన పెట్టింది. అక్కణ్ణుంచి మళ్ళీ మొదలయ్యాం, కానీ ఇప్పటికీ ఆమె మేడ మీద ఇల్కా ఖాళీ చేసిన గదిలో వేరే ఎవరినీ పడుకోనివ్వదు.

సోమవారం హియెతనెన్ గదికి వెళ్ళాను. సంతకం లేని కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన అగ్గిపుల్ల నోట్లోంచి తీశాడు.

"డబ్బు చాలదా?"

"చాలు."

"మరి?"

"నా గొంతు పోయింది."

"జలుబా?"

"కాదు" అని చెప్పాను. డిసెంబరు నుంచి, ఆ మ్యాచ్ ఆదివారం దాకా, నాకు తెలిసింది, నాకు తెలియంది, పంతొమ్మిదోవాడు, హెల్మెట్, సూపులో ముక్కలు, అన్నీ. తడబడుతూ, వెనకాముందూ చేస్తూ, మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగి చెప్పాను. ఆయన వింటూ కూర్చున్నాడు. చివరికి లేచి తలుపు తీసి పట్టుకున్నాడు, వెళ్ళమన్నట్టు. కరచాలనానికి చెయ్యి చాపలేదు.

పదమూడేళ్ళు నడిచిన ఆ నడవలో నడుస్తూ, నాకు తట్టిన మొదటి ఆలోచన చెబితే మీరు నమ్మరు. ఇదే మాట ఇల్కా చెప్పాల్సి వస్తే, నాకంటే బాగా చెప్పేవాడు అని.